శ్రుతి పెట్టె ఆపండి మావయ్యా

కంకిపాడులో బందరు రోడ్డుకి రెండు వీధులు లోపలగా ఉన్న ఒక ఇంటి వరండాలో, సంక్రాంతి సెలవుల్లో జరిగిన వాదన ఇది. ఒక పక్షం మావయ్య. కూచిపూడి బృందాలకి ఏళ్ల తరబడి ఫ్లూట్ వాయించి, ఇప్పుడు ఇంట్లో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్నాడు. రెండో పక్షం ఆయన మేనకోడలు. ఉద్యోగానికి నెదర్లాండ్స్ వెళ్లి, సాయంత్రాలు బరోక్ కాలపు ఫ్లూట్ నేర్చుకుంది. బరోక్ అంటే యూరప్‌లో సుమారు 1600 నుంచి 1750 దాకా నడిచిన సంగీతం. ఆ అమ్మాయి తెచ్చిన వాయిద్యం 18వ శతాబ్దపు నమూనా చూసి ఈ రోజుల్లో చేసిన నకలు. చెక్కది. నాలుగు ముక్కలుగా విడదీసి పెట్టెలో సర్దేసుకోవచ్చు. ఆరు రంధ్రాలు, చిటికెన వేలికి ఒకే ఒక్క ఇత్తడి మీట.

పక్కవాద్యం ఏదీ లేకుండా ఒక్క ఫ్లూట్ కోసమే రాసిన ముక్కలు కొన్ని వాయించి వినిపించింది. ఆ తర్వాత నడిచిన మాటలు వీలైనంత ఉన్నవున్నట్టు రాస్తున్నాను. మధ్యలో దూరిన లారీ హారన్లు మాత్రం తీసేశాను.

మావయ్య: వేళ్లు బాగా తిరుగుతున్నాయి. సాధకం గట్టిగానే చేస్తున్నావన్నమాట. మరి కచేరీ ఎప్పుడు?

మేనకోడలు: ఇప్పుడు విన్నది కచేరీయే మావయ్యా.

మావయ్య: మృదంగం లేదు, వయొలిన్ లేదు, ఆఖరికి తంబురా కూడా లేదు. దాన్ని కచేరీ అంటే ఎట్లా? మా దగ్గర సోలో అన్నా వేదిక మీద ముగ్గురు నలుగురు ఉంటారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1938లో వేలూరులో వయొలిన్ సోలో చేశారంటే ఇప్పటికీ చెప్పుకుంటారు. పక్కన కూచునే వాయిద్యాన్ని మధ్యలోకి తెచ్చి కూచోబెట్టడమే ఆ రోజుల్లో పెద్ద తెగింపు. అంతేగానీ శ్రుతినీ లయనీ ఇంటికి పంపేయమని ఆయన అనలేదు.

మేనకోడలు: అక్కడా మామూలు పద్ధతి అదే. ఫ్లూట్ వాయిస్తే కింద హార్ప్సికార్డ్, చెల్లో కలిసి బాసు పట్టాల్సిందే. బాసు లేని రచన అరుదు. అందుకే టెలిమాన్ అనే స్వరకర్త 1730ల మొదట్లో హాంబుర్గ్‌లో ఒంటి ఫ్లూట్‌కి పన్నెండు ఫాంటసీలు అచ్చువేస్తే, బాసు లేదన్న సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాల్సి వచ్చింది. డబ్బుల్లేక బాసు మానేశాడనుకోకండి. కావాలనే తీసేశాడు.

మావయ్య: తీసేస్తే ఖాళీ మిగులుతుంది. ఉండు, ఆ ఖాళీ నేను నింపుతాను. నీ ఫ్లూట్ శ్రుతి ఎంత?

మేనకోడలు: ఇప్పటి పియానో కంటే అర మెట్టు కింద. అన్ని రంధ్రాలూ మూస్తే వచ్చే స్వరం మీ లెక్కలో ఒకటిన్నర. కానీ ఇందాక వాయించిన బాఖ్ ముక్కకి షడ్జమం అది కాదు, ఐదున్నర.

(మావయ్య శ్రుతి పెట్టె ఐదున్నరకి తిప్పి పెట్టాడు. అమ్మాయి బాఖ్ పార్టీటాలోని మొదటి భాగం, ఆలమాండ్, మళ్లీ ఎత్తుకుంది. మొదటి రెండు వరుసలు వింటే నాకే ముచ్చటేసింది. కీరవాణి వాసన తగిలింది, పెట్టె చక్కగా అతుక్కుంది. కాసేపటికి ఎక్కడో గీరుకోవడం మొదలైంది. ఫ్లూట్ ఒక దారిన పోతోంది, పెట్టె ఉన్నచోటే ఉండి మూలుగుతోంది.)

మేనకోడలు: శ్రుతి పెట్టె ఆపండి మావయ్యా. చూశారుగా, షడ్జమం కదిలిపోతోంది. మొదట ఉన్న షడ్జమాన్ని వదిలి కాసేపు గాంధారం మీద కాపురం పెడుతుంది. మొదటి సగం ముగిసేసరికి పంచమమే షడ్జమం అయి కూచుంటుంది. రెండో సగమంతా తిరుగు ప్రయాణం. మీ పెట్టె ఆ ప్రయాణాన్ని పట్టుకుని ఆపేస్తోంది.

మావయ్య: గ్రహభేదం చేస్తున్నాడు, సరే. మేమూ చేస్తాం. కానీ గ్రహభేదం రుచి తెలియాలంటే అసలు షడ్జమం చెవిలో మోగుతూ ఉండాలి. ఇల్లు కనపడకపోతే ఎంత దూరం వచ్చామో వినేవాడికి ఎలా తెలుస్తుంది?

మేనకోడలు: ఆ గీతే చెబుతుంది. పై స్వరాలు వాయిస్తూ వాయిస్తూ మధ్యలో కింద ఒక్క స్వరం తాకి పైకి పోతాడు. మళ్లీ నాలుగు స్వరాల తర్వాత ఇంకొకటి. ఆ కింది స్వరాలన్నీ ఏరి వరసగా పెట్టుకుంటే అదే బాసు. వాయించేది ఒకటే గీత, చెవికి వినపడేవి రెండు. రెండోది వినేవాడే కలుపుకోవాలి.

మావయ్య: అంటే శ్రుతి పట్టే పని శ్రోత నెత్తిన పెట్టారు.

మేనకోడలు: పెట్టారు. నాకు నచ్చిందీ అదే.

మావయ్య: టిక్కెట్టు కొన్నవాడి చేత పని చేయించడం! సరే, ఒంటి ఫ్లూట్ సంగతి కాసేపు పక్కన పెడదాం. రాగం పాడేటప్పుడు మృదంగం ఊరుకుంటుంది కాబట్టి లయ లేకపోయినా నేను వినగలను. నాకు గొంతు దిగనిది ఆ చెక్క ముక్క. మ్యూజియంలో ఉన్నదానికి నకలు చేయించుకుని, ఇంత డబ్బు పోసి కొనుక్కుని, అందులో ఒక స్వరం ఖణీమని పలికితే పక్క స్వరం జలుబు చేసినట్టు పలుకుతుంటే, అదే గొప్ప అంటారేంటి?

మేనకోడలు: జలుబు చేసిన స్వరాలు ఎందుకు వస్తాయో మీకు తెలుసు. ఆరు రంధ్రాలతో నేరుగా వచ్చేవి కొన్నే. మిగతావాటికి ఒక రంధ్రం తెరిచి దాని కింద రంధ్రాలు మూయాలి. అలా అడ్డ వేళ్లతో తీసిన స్వరం మసకగా వస్తుంది.

మావయ్య: అడ్డ వేళ్లు మాకు కొత్త కాదు. మా ఫ్లూట్ విద్వాంసుడు మాలి గారు వాడారు. శరభ శాస్త్రి గారి పద్ధతి మీద వేళ్లూ ఊదడమూ రెండూ మార్చేశారు. ఎందుకు మార్చారు? గొంతులా పలకాలని, మసక పోవాలని. వాయిద్యం బాగుపడే దిక్కు అది. మీవాళ్లు కూడా బాగుచేసుకున్నారుగా! మ్యూనిక్‌లో ఎవరో కంసాలి.

మేనకోడలు: థియోబాల్డ్ బోమ్. కంసాలి పని నేర్చిన ఫ్లూట్ విద్వాంసుడు. 1847లో లోహపు గొట్టం, పెద్ద రంధ్రాలు, అన్నిటికీ మీటలు పెట్టాడు. ఇవాళ సింఫనీలో కనపడే వెండి ఫ్లూట్ అదే. ఏ స్వరమైనా ఒకే బలంతో పలుకుతుంది.

మావయ్య: మరింకేం? బాఖ్ బతికుంటే ఎగిరి గంతేసి తీసుకునేవాడు. పాలకొల్లు నుంచి వచ్చిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద త్యాగరాజ కీర్తన వాయిస్తే, త్యాగరాజు కాలంలో కరెంటు లేదు కదా అని ఎవరైనా లేచిపోయారా? వయొలిన్ మనదా? బాలమురళి గారు వయోలా వాయించారు. వాళ్ల నాన్నగారు పట్టాభిరామయ్య గారు ఫ్లూట్ వాయించేవారు. ఆ ఇంట్లో సంగీతం గొంతు, వేణువు, వయోలా అని తేడా లేకుండా తిరిగింది. రాగం పలికితే చాలు, గొట్టం ఏదైతేనేం?

మేనకోడలు: గొట్టం ఏదైతేనేం అని మీ రేడియో అనలేదే! గమకం పలకదని హార్మోనియాన్ని 1940 నుంచి 1971 దాకా గుమ్మం తొక్కనివ్వలేదు.

మావయ్య: రేడియో తొక్కనివ్వకపోతే నాటకాలవాళ్లం మానేశామా? హార్మోనియం లేకుండా పద్యనాటకం ఎక్కడైనా చూశావా?

(ఇక్కడ ఇద్దరూ నవ్వారు. ఈ వాదనలో గెలుపు లెక్కలు వేస్తే ఆ దెబ్బ మావయ్యదే.)

మేనకోడలు: ఒక్కటి అడుగుతాను. మీ చేతిలో వెండి ఫ్లూట్ పెడితే తోడి వాయిస్తారా?

మావయ్య: మీట ఒకసారి మూస్తుంది, ఒకసారి తెరుస్తుంది. సగం మూయదు. తోడి గాంధారం ఆ సగంలోనే ఉంటుంది.

మేనకోడలు: అంటే మీకు వెదురే కావాలి. బోమ్ గారు బాగుచేసిన చోటే మీ తోడి పోయింది. అచ్చం అలాగే నాదీ పోయింది. ఇటు చూడండి.

(అమ్మాయి ఒక స్వరం ఎత్తి పొడుగ్గా పట్టుకుంది. మావయ్య కళ్లజోడు పెట్టుకుని ముందుకి వంగాడు. మూసిన వేళ్లకి కిందున్న రంధ్రం అంచు మీద ఒక వేలు కొస మాత్రం మెల్లగా కొట్టుకుంటోంది. రంధ్రం పూర్తిగా మూతపడటం లేదు. స్వరం వెంట్రుకవాసి కిందకి వంగుతోంది, మళ్లీ లేస్తోంది. మొదట నిదానంగా, తర్వాత త్వరగా.)

మావయ్య: కంపితం.

మేనకోడలు: ఫ్లాత్మాఁ అంటారు. ఓత్తెతేర్ అనే ఆయన 1707లో పారిస్‌లో అచ్చువేసిన పాఠ్యపుస్తకంలో ఏ స్వరానికి ఏ రంధ్రం మీద ఈ పని చేయాలో ఒక్కొక్కటిగా రాశాడు. ఇప్పటి వాళ్లలా ఊపిరిని ఊపుతూ ఉండటం కాదిది, వేలి పని. రంధ్రం మీద వేలు ఆనకుండా మధ్యలో మీట ఉంటే ఎలా వస్తుంది?

మావయ్య: ఊఁ. నాలుక సంగతేంటి? మేము తుత్తుకారాలు నేర్పుతాం.

మేనకోడలు: అదీ ఉంది. ఓత్తెతేర్ తు, రు అన్నాడు. తర్వాత క్వాంట్స్ అనే ఆయన తి, ది, ఇంకా వేగంగా పోవడానికి మరొకటి చెప్పాడు. రెండు స్వరాలు రాతలో సమానంగా కనపడినా, తు-రు అని ఊదితే ఒకటి బరువుగా, ఒకటి తేలికగా పడుతుంది. వెండి ఫ్లూట్ వాళ్లు ఆ ఎగుడుదిగుడు చదును చేస్తారు.

మావయ్య: తు-రు అని వెదురు మీదా అనొచ్చు, వెండి మీదా అనొచ్చు. నాలుక నీదేగా?

మేనకోడలు: నాలుక నాదే. మసక స్వరాలు మాత్రం నావి కావు. టెలిమాన్ పన్నెండు ఫాంటసీలకి శ్రుతులు ఎలా ఎంచుకున్నాడో చూడండి. నాలుగు షార్పులు, రెండు ఫ్లాట్లు దాటలేదు. అంతకు మించితే ఈ ఫ్లూట్ కష్టపడుతుందని ఆయనకి తెలుసు. ఏడోది శంకరాభరణం లాంటి మేజర్‌లో, ఈ ఫ్లూట్‌కి పుట్టింటి లాంటి శ్రుతిలో, ఊరేగింపులా మొదలవుతుంది. స్వరాలన్నీ తెరుచుకుని మోగుతాయి. పన్నెండోది రెండు ఫ్లాట్ల మైనర్‌లో. అక్కడ అడుగడుగునా అడ్డ వేళ్లే. దుఃఖం అని ఎక్కడా రాయక్కర్లేదు, గొట్టమే గొంతు మార్చుకుంటుంది. వెండి ఫ్లూట్ మీద ఈ రెండూ ఒకే వెలుగులో వినపడతాయి.

(ఆమె వాదంలో నాకు గట్టిగా నిలిచింది ఇదే. మిగతాచోట్ల పట్టుదల ఎక్కువ కనపడింది గానీ, ఇక్కడ చేతిలో రుజువు ఉంది. మూడు నిమిషాల్లో రెండు ఫాంటసీల మొదళ్లు వాయించి చూపించింది. రెండోది వాయిస్తుంటే లోపల వంటింట్లో మాటలు ఆగాయి.)

మావయ్య: ఒప్పుకుంటాను, తేడా ఉంది. అది కుదిరిందే తప్ప కుదిర్చింది కాదేమో! ఆ రోజుల్లో ఆయనకి దొరికింది ఆ గొట్టం. ఉన్నదాంతో సర్దుకున్నాడు. సర్దుబాటుని శాస్త్రం చేస్తే ఎలా?

మేనకోడలు: మీ వెదురు మాత్రం సర్దుబాటు కాదా?

మావయ్య: కాదనను. కానీ నా వెదుర్ని ఎవరూ మ్యూజియంలో పెట్టలేదు. మాకు మధ్యలో తెగలేదు. గురువు చేతి నుంచి నా చేతికి, నా చేతి నుంచి పిల్లల చేతికి. మీది తెగిపోయింది. తెగిపోయినదాన్ని పుస్తకాలు చదివి మళ్లీ పుట్టిస్తున్నారు. పుస్తకం చదివి ఈత కొట్టినట్టుంటుంది అది.

మేనకోడలు: తెగలేదని గట్టిగా అనకండి. కూచిపూడి పాత మేళాల్లో ముఖవీణ ఉండేదని మీరే చెప్పారు. ఏదీ? మీరు కూచున్న చోటు దానిదే.

(మావయ్య కాసేపు మాట్లాడలేదు.)

మావయ్య: ఫ్లూట్ వచ్చాక అది వెళ్లిపోయింది. మైకు ముందు అది పనికిరాదన్నారు. అమ్మాయిలు నాట్యానికి వచ్చాక శ్రుతి పెరిగింది, ఫ్లూట్ బాగా కుదిరింది. ఎవరూ వెళ్లగొట్టలేదు. పిలవడం మానేశారు, అంతే.

మేనకోడలు: ముఖవీణ మీద కూచిపూడి దరువులు ఎలా పలికేవో మీకు తెలుసా?

మావయ్య: తెలీదు.

మేనకోడలు: ఈ రోడ్డు మీద ముందుకి పోయి పక్కకి తిరిగితే క్షేత్రయ్య గారి మొవ్వ వస్తుంది. 17వ శతాబ్దంలో క్షేత్రయ్య పదాలు ఎంత నిదానంగా పాడేవారో మనకి తెలుసా? అక్కడైతే క్వాంట్స్ ఉన్నాడు. ప్రష్యా రాజు ఫ్రెడరిక్‌కి ఫ్లూట్ గురువు. 1752లో బెర్లిన్‌లో లావుపాటి పుస్తకం రాశాడు. వేళ్లు ఎలా పెట్టాలి, నిదానపు భాగాన్ని ఎలా అలంకరించాలి, పక్కవాద్యం వాడు ఎలా నడుచుకోవాలి, అన్నీ అందులో ఉన్నాయి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఒక అధ్యాయమే ఉంది. మన పరంపర చెప్పకుండానే మారుతుంది. వాళ్లది చచ్చిపోయింది గానీ వీలునామా రాసి పోయింది.

మావయ్య: మనకీ లేకపోలేదు. సుబ్బరామ దీక్షితులు గారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని ఎట్టయపురంలో 1904లో అచ్చయింది, అదీ తెలుగులో. ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు పెట్టి మరీ రాశారు. ఎంతమంది దాన్ని చూసి వాయిస్తున్నారని అడుగుతావు, తెలుసు. తక్కువమంది. ఎందుకంటే గురువు అలా చెప్పలేదు. ఆ గుర్తులూ గురువు నేర్పిందీ వేరైతే మేము గురువు వైపే ఉంటాం. నువ్వు పుస్తకం వైపు. మన ఇద్దరి తగాదా అక్కడుంది, గొట్టంలో లేదు.

మేనకోడలు: ఇది బాగా చెప్పారు.

మావయ్య: ఇంకోటి. గొట్టం పాతది తెచ్చావు, వేళ్లు పాతవి, నాలుక పాతది. చెవులు పాతవి ఎక్కడ తెస్తావు? ఫ్రెడరిక్ గదిలో పది మంది కూచుని వినుంటారు. ఇప్పుడు పెద్ద చర్చిలో, వాయించి ఆపాక కూడా మోగుతుండగా రికార్డు చేస్తారు. నువ్వు ఫోన్లో పంపినవి విన్నాలే. ఆ మోతే సగం శ్రుతి పెట్టె పని చేస్తోంది. ఒంటి ఫ్లూట్ అన్నావు, గోడలు పక్కవాద్యం వాయిస్తున్నాయి.

మేనకోడలు: ఆ రికార్డింగులు నాకూ నచ్చవు. ఈ వరండాలాంటి చోటే సరైనది, హారన్లు లేకపోతే. ఫ్రెడరిక్ అంటే గుర్తొచ్చింది. బాఖ్ కొడుకుల్లో ఒకడు, కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయెల్, ఆ రాజు కొలువులో కీబోర్డు వాయించేవాడు. రాజు ఫ్లూట్ ఎత్తితే ఈయన వెనక కూచోవాలి. అలాంటివాడు 1747లో ఒంటి ఫ్లూట్‌కి ఒక సొనాటా రాశాడు. కీబోర్డే లేదు.

మావయ్య: ఒకసారైనా సెలవు దొరకాలని రాసుంటాడు.

మేనకోడలు: ఆ మొదటి భాగం వింటే మీరు ఇంత ఎగతాళి చేయరు. పైన పాట పోతుంటుంది. ఉన్నట్టుండి కింద లోతుకి దూకి ఒక స్వరం పెట్టి వస్తుంది. వెనక కూచున్నవాడి పని ఫ్లూట్‌తోనే చేయించాడు.

మావయ్య: సరే, సరే. ఇప్పుడు నా దగ్గరున్న అసలు బాణం వదులుతాను. పెద్ద బాఖ్ ఆలమాండ్ రెండుసార్లు విన్నాను. ఆసాంతం ఒకే నడక. ఎక్కడా ఆగే చోటు లేదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలి? నలభై ఏళ్లు ఊదినవాణ్ణి చెబుతున్నాను, గొట్టం పట్టినవాడు అలా రాయడు. వయొలిన్‌కో వీణకో రాసినదాన్ని ఎవరో ఫ్లూట్ అని పేరు పెట్టేశారు. నీ పాత వాయిద్యం వాదన అక్కడ కూలిపోతుంది. దాని కోసం రాయనే లేదు.

మేనకోడలు: ఆ అనుమానం మీ ఒక్కరిదే కాదు. పండితులూ అన్నారు. అది బాఖ్ చేతిరాత కాదు, నకలు. ఇద్దరు చేతులు మార్చుకుని రాసిన నకలు. బయటపడింది కూడా 1917 ప్రాంతంలో. దాని మీద ఫ్రెంచిలో ఫ్లూట్‌కి సోలో అనే ఉంది. కానీ పేరున్నంత మాత్రాన నమ్మనక్కర్లేదు. టెలిమాన్ ఫాంటసీల అచ్చుప్రతి బ్రస్సెల్స్‌లో ఒక్కటి మిగిలింది. దాని అట్ట మీద వయొలిన్ అని ఉంది, లోపల చూస్తే ఫ్లూట్‌వి.

మావయ్య: చూశావా! అట్ట నమ్మకూడదు.

మేనకోడలు: అట్ట నమ్మను, కానీ ఊపిరి నమ్ముతాను. ఆగే చోటు రాయలేదు గానీ దొంగిలించే చోట్లు ఉన్నాయి. కింది స్వరం తాకిన తర్వాత వెంట్రుకవాసి ఖాళీ. అక్కడ గుక్క తీసుకుంటే పాట తెగదు, పైగా కింది గీత ఇంకా స్పష్టంగా వినపడుతుంది. నేను దొంగిలించానని మీకు తెలిసిందా?

మావయ్య: రెండు చోట్ల తెలిసింది. మూడోసారి నువ్వు తొందరపడ్డావు.

మేనకోడలు: మూడోసారి నిజంగానే ఊపిరి అయిపోయింది.

మావయ్య: మరి చివర ఆ పై షడ్జమం? గొట్టం చివరంటా ఎక్కించి అక్కడ వదిలేశాడు. సన్నగా, తెగుతుందేమో అన్నట్టు వచ్చింది. గొట్టం తెలిసినవాడు అక్కడ ముగిస్తాడా?

మేనకోడలు: ఈ ఫ్లూట్‌కి అదే ఎత్తైన అంచు. అంతకంటే పైకి పోతే పలుకుతుందన్న నమ్మకం లేదు. తెలియనివాడైతే ఇంకో మెట్టు ఎక్కేవాడు. సరిగ్గా అంచు మీద ఆగాడు కాబట్టే తెలిసినవాడంటాను.

మావయ్య: అది నీ అభిమానం.

మేనకోడలు: కావచ్చు.

మావయ్య: మూడో భాగం, ఆ నిదానంగా పోయేది, ఏమన్నావు? సరబాండ్. అందులో ప్రతి ముక్కా రెండుసార్లు వాయించావు. రెండోసారి కొన్ని సంగతులు మారాయి. అవి కాగితం మీద ఉన్నాయా?

మేనకోడలు: లేవు. రెండోసారి వాయించేవాళ్లే వేసుకోవాలి. ఓత్తెతేర్ 1719లో ఇంకో పుస్తకమే రాశాడు, ఏ శ్రుతిలోనైనా ముందుగా ఒంటి ఫ్లూట్ మీద అప్పటికప్పుడు అల్లుకుంటూ ప్రెల్యూడ్ వాయించడం ఎలాగో.

మావయ్య: ఆ మాట ముందే చెప్పుంటే గంట వాదన తప్పేది! శ్రుతి లేకపోయినా, లయ లేకపోయినా, రాగం ఎత్తుకున్నట్టే కదా? అయితే నీ సంగతులు బాగాలేవు. రెండోసారి వచ్చేసరికి ఎక్కడపడితే అక్కడ రవ్వలు చల్లావు. ఒక్కచోట ఆగి, ఒక్క స్వరాన్ని నిలబెట్టి, దాని మీదే నాలుగు రకాలు తిరగొచ్చుగా?

మేనకోడలు: అలా తిరిగితే అది రాగాలాపన అయిపోతుంది మావయ్యా. సరబాండ్ నాట్యం. మూడు మాత్రలు, రెండోదాని మీద బరువు. బరువు పోకూడదు.

మావయ్య: నాట్యానికి వాయించడం నాకు నేర్పుతున్నావా? ఇలా తే ఆ కాగితం. నీ గొట్టం అక్కర్లేదు, నా ఒకటిన్నర శ్రుతి వెదురు ఉంది.

మేనకోడలు: స్టాఫ్ నొటేషన్ మీకు రాదుగా.

మావయ్య: నువ్వు స్వరం చెప్పు, నేను రాసుకుంటాను. బాసు కూడా చెప్పు. ఏ స్వరం బాసో, ఏది పాటో నాకు గీత గీసి చూపించాలి. లేకపోతే అన్నిటికీ గమకం వేసేస్తాను.

మేనకోడలు: బాసు స్వరాలకి మాత్రం గమకం వద్దు.

మావయ్య: అది వాయించాక తేలుస్తాను.